మా విసుగును మా మీదికే తిప్పకు: 'ఇంగ్'కు ఒక బహిరంగ లేఖ

ఇంగ్లిష్ మాటల చివర అంటిపెట్టుకుని ఉండే 'ఇంగ్'కు,

డిగ్రీ కాలేజీలో తెలుగు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే ఒక అధ్యాపకురాలు రాస్తున్నది. నీతో నాకున్న తగువు ఒక్కటే. అది నా ఒక్కదాని తగువు కాదు గనక నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మనిషికి చిర్రెత్తుకొచ్చినప్పుడు, కాళ్లరిగేలా తిరిగినా పని కానప్పుడు, పైగా ఆ మాట ఇంగ్లిష్‌లోనే చెప్పక తప్పనప్పుడు, నువ్వు పిలవకుండా వచ్చి మాట చివర కూర్చుంటున్నావు. "ఐ యామ్ ఇరిటేటింగ్." "ఐ యామ్ వెరీ ఫ్రస్ట్రేటింగ్." "ఐ యామ్ బోరింగ్ ఇన్ దిస్ జాబ్." చెప్పినవాళ్ల మనసులో ఉన్నది 'నాకు చిరాగ్గా ఉంది' అని. అవతలివాళ్లకు అందుతున్నది 'నేను చిరాకు తెప్పించే మనిషిని' అని. బాధపడ్డవాళ్లు తమ నోటితోనే తాము బాధపెట్టినవాళ్లమని ఒప్పుకున్నట్టు అవుతోంది. ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషి ఆ ఒక్క వాక్యంతో ముద్దాయి అయిపోతున్నాడు.

మామూలు తప్పుకూ దీనికీ అదే తేడా. 'ఎ' రాయాల్సిన చోట 'ద' రాస్తే అర్థం చెడదు. ఏకవచనం బదులు బహువచనం పడినా వినేవాళ్లు సర్దుకుంటారు. నువ్వు చేసే పని అలాంటిది కాదు. దెబ్బ ఎవరికి తగిలిందో, ఎవరు కొట్టారో ఆ వాక్యంలో తలకిందులు చేసేస్తావు. అన్నిటికంటే ముఖ్యం, మనిషి మాట సూటిగా చేరాల్సిన సమయం చూసి మరీ చేస్తావు. సంతోషంగా ఉన్నవాడు తప్పుగా మాట్లాడినా నష్టం లేదు, మొహం చూసి గ్రహిస్తారు. విసిగిపోయినవాడి మాట తప్పుగా పడితే వినేవాళ్లకు తప్పించుకునే సందు దొరుకుతుంది.

నీకు నీ చోటు ఉంది, కాదనను. "ద డిలే ఈజ్ ఫ్రస్ట్రేటింగ్" అన్నప్పుడు నువ్వు ఉండాల్సిన చోటే ఉన్నావు. విసిగిస్తున్నది ఆ జాప్యం, ఆ మాట చెప్పడానికి నీకంటే తగిన ప్రత్యయం లేదు. "హి ఈజ్ ఇరిటేటింగ్" అన్నా తప్పు లేదు, చిరాకు పెడుతున్నది అతనే గనక. కారణం పక్కన నువ్వు ఉండు. చిరాకు పడినవాళ్ల పక్కన 'ఎడ్'ను ఉండనివ్వు. నేను అడిగేది ఇంతే. అయితే ఇంత చిన్న సంగతి ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చదివిన పిల్లలకు కూడా ఎందుకు పట్టుబడటం లేదన్నది చెప్పాలి. వాళ్లు మొద్దులు కారు. నువ్వు దూరే దారులు మూడున్నాయి. మూడూ మా గుమ్మం దగ్గర మొదలయ్యేవే.

మొదటి దారి, నువ్వు తెలుగులోకే వచ్చేయడం. 'సినిమా బోరింగ్‌గా ఉంది' అంటాం. 'వాడి మాటలు ఇరిటేటింగ్‌గా ఉన్నాయి' అంటాం. ఇందులో తప్పేమీ లేదు, కారణం పక్కనే ఉన్నావు. ఇంకో అడుగు ముందుకేసి 'నాకు బోరింగ్‌గా ఉంది', 'నాకు ఇరిటేటింగ్‌గా ఉంది' అని కూడా అంటాం. తెలుగులో ఇదీ చెల్లుతుంది. ఎందుకంటే 'నాకు' అన్న మాటలోనే అనుభవిస్తున్నది నేనని తేలిపోయింది. బోరు కొట్టిస్తున్నది ఏదో బయట ఉంది, అది పైకి చెప్పకపోయినా వినేవాళ్లకు తెలుసు. ఇప్పుడు ఆ వాక్యాన్ని పిల్లవాడు ఇంగ్లిష్ చేస్తాడు. 'నాకు' స్థానంలో 'ఐ' పెడతాడు, 'ఉంది' స్థానంలో 'యామ్' పెడతాడు, 'బోరింగ్' ఎలాగూ ఇంగ్లిష్ మాటే కదా అని అలాగే ఉంచేస్తాడు. "ఐ యామ్ బోరింగ్" తయారైపోయింది. దారిలో జారిపోయింది ఒక్క 'కు'. అర్థం మొత్తాన్ని మోస్తున్నది ఆ 'కు' విభక్తే. 'ఐ'లో అది లేదు.

రెండో దారి, మా కాలాల పాఠం. 'చిరాకు వస్తోంది' అన్నది ఇప్పుడు జరుగుతున్న సంగతి. ఇప్పుడు జరుగుతున్నదాన్ని 'యామ్' పక్కన 'ఇంగ్' పెట్టి చెప్పాలని ఆరో తరగతి నుంచీ మేమే వల్లె వేయిస్తాం. తింటున్నాను అంటే "ఐ యామ్ ఈటింగ్", రాస్తున్నాను అంటే "ఐ యామ్ రైటింగ్". అదే లెక్కన చిరాకు వస్తోంది అంటే "ఐ యామ్ ఇరిటేటింగ్". పిల్లవాడు నేర్చుకున్న సూత్రాన్ని నమ్మకంగా వాడాడు. తినడం, రాయడం తాను చేసే పనులు. చిరాకు పడటం తాను చేసే పని కాదు, తనకు జరిగేది. ఆ తేడా అతనికి ఎవరూ చూపించలేదు.

మూడో దారి, 'ఎడ్' అంటే భూతకాలం అని మేము బుర్రల్లో నాటిన సగం నిజం. ప్లే, ప్లేడ్. వాక్, వాక్‌డ్. అందుకని ఇప్పుడున్న విసుగు గురించి చెప్పేటప్పుడు 'ఫ్రస్ట్రేటెడ్' అంటే అది నిన్నటి మాట అవుతుందేమోనని పిల్లలు వెనకాడతారు. వాళ్లు వెనకాడిన ఆ క్షణంలో నువ్వు ముందుకొస్తావు.

ఈ మూడో దారి ఎంత లోతుగా ఉందో నాకు ఒక దరఖాస్తు చూపించింది. ఉపకార వేతనం ఖాతాలో పడక అల్లాడుతున్న ఒక ఫైనలియర్ విద్యార్థిని, ఒక కార్యాలయానికి ఇంగ్లిష్‌లో రాసిన ఉత్తరం దిద్దమని తెచ్చింది. అందులో కీలకమైన వాక్యాలు ఇవి: "ఐ కేమ్ టు యువర్ ఆఫీస్ ఫోర్ టైమ్స్. ఐ యామ్ వెరీ ఫ్రస్ట్రేటింగ్. ప్లీజ్ డోంట్ యాంగ్రీ ఆన్ మీ." 'ఫ్రస్ట్రేటింగ్' కొట్టేసి 'ఫ్రస్ట్రేటెడ్' రాశాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "మేడమ్, నాకు విసుగు పోలేదు, ఇప్పటికీ ఉంది కదా. మరి ఎడ్ ఎందుకు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. జవాబు ఇంగ్లిష్ వ్యాకరణంలో వెతకాల్సిన పని లేకపోయింది.

"అమ్మా, ఇప్పుడు నీకు ఎలా ఉందో తెలుగులో చెప్పు" అన్నాను.

"విసుగొచ్చింది మేడమ్."

"వచ్చింది అంటున్నావు, నిన్నటి సంగతా?"

ఒక్క క్షణం ఆగి, "కాదు, ఇప్పుడే" అంది.

మేము రోజూ మాట్లాడే తెలుగే అది. ఆకలేసింది, దాహమేసింది, కోపమొచ్చింది, విసుగొచ్చింది, అలసిపోయాను. రూపం భూతకాలానిది, స్థితి ఇప్పటిది. వచ్చి, ఇంకా పోలేదని దాని అర్థం. "ఐ యామ్ ఫ్రస్ట్రేటెడ్", "ఐ యామ్ టైర్డ్" కూడా సరిగ్గా ఆ పనే చేస్తాయి. కాలాన్ని చెప్పేది ముందున్న 'యామ్', 'వాజ్'లు. 'ఎడ్' చెప్పేది మనిషి ఏ స్థితిలో ఉన్నాడో. ఇప్పుడైతే "ఐ యామ్ ఫ్రస్ట్రేటెడ్", నిన్నయితే "ఐ వాజ్ ఫ్రస్ట్రేటెడ్". 'ఎడ్' మాత్రం కదలదు.

మరి నువ్వో? నీకు సరిజోడు కూడా తెలుగులో ఉంది. విసిగిపోయిన మనిషి ఒకరు, విసిగించే మనిషి ఇంకొకరు. ఈ రెంటినీ తెలుగు బిడ్డ ఎవరూ తారుమారు చేయరు. బడికి వెళ్లని అవ్వ కూడా 'నేను విసిగిపోయానురా' అనబోయి 'నేను విసిగించేదాన్నిరా' అనదు. విసిగించే, కంగారుపెట్టే, నిరాశపరిచే, చిరాకు తెప్పించే అన్న చోట నీ స్థానం. విసిగిపోయిన, కంగారుపడిన, నిరాశపడిన, చిరాకెత్తిన అన్న చోట ఎడ్ స్థానం. అంటే పిల్లలకు తెలియని కొత్త విషయం నేర్పాల్సిన అవసరమే లేదు. తెలిసినదాన్ని గుర్తు చేస్తే చాలు. ఇన్నేళ్లూ మేము ఇంగ్లిష్ పాఠంలోకి తెలుగును రానివ్వకపోవడం వల్ల నీ ఆటలు సాగాయి.

ఇది తెలుగువాళ్ల లోపమని ఎవరైనా అంటే ఒప్పుకోను. మా భాషలో మనిషి కోపాన్ని చేయడు, కోపం మనిషికి వస్తుంది. తమిళుడు 'ఎనక్కు కోపం వందదు' అంటాడు. కన్నడిగుడు 'ననగె కోప బంతు' అంటాడు. హిందీలో 'ముఝే గుస్సా ఆయా' అంటారు. ఈ నేల మీద భాషా కుటుంబాలు వేరైనా, మనసుకు కలిగేవాటిని ఎక్కువగా 'నాకు' అన్న విభక్తితో చెబుతారు. భాషా శాస్త్రవేత్తలు దీని మీద పుస్తకాలే రాశారు.

అంతెందుకు, నీ ఇంట్లోనూ ఒకప్పుడు ఇదే పద్ధతి నడిచింది. షేక్స్‌పియర్ నాటకాల్లో పదే పదే కనిపించే 'మిథింక్స్' అన్న మాటకు అసలు అర్థం 'నాకు తోస్తోంది' అనే. పాత ఇంగ్లిష్‌లో 'లైక్' క్రియ కూడా అలాగే నడిచేది, ఫలానాది నాకు నచ్చుతుంది అన్నట్టు. నామవాచకాల చివరి విభక్తి గుర్తులు అరిగిపోయాక ఇంగ్లిష్ ఆ దారి వదిలేసి, మనిషిని తెచ్చి కర్త స్థానంలో కూర్చోబెట్టింది. 'ఎనాయ్' అన్న మాట వేరు వెతికితే లాటిన్‌లో 'అది నాకు రోత' అనే వాక్యంలో తేలుతుంది. అందులోనూ 'నాకు' ఉంది. కాబట్టి మా పిల్లలు చేస్తున్నది తెలివితక్కువ పని కాదు. మనసు గురించి రెండు భాషలు రెండు రకాలుగా వాక్యం కడతాయి. ఒకదాని వాసాలతో ఇంకొకదాని ఇల్లు కట్టబోతే ఎక్కడో ఒకచోట కుదరదు.

ఇంగ్లిష్‌లో ఈ క్రియలు ఎన్నున్నాయో కూడా పిల్లలకు చెప్పాలి. బెత్ లెవిన్ అనే భాషా శాస్త్రవేత్త 1993లో ఇంగ్లిష్ క్రియలను గుంపులుగా విడదీసి ఒక గ్రంథం వెలువరించారు. అందులో 'అమ్యూజ్' గుంపు అని ఒకటుంది. ఇరిటేట్, ఫ్రస్ట్రేట్, ఎనాయ్, బోర్, డిజపాయింట్, ఎగ్జాస్పరేట్, కన్ఫ్యూజ్, షాక్, అన్నీ అందులోవే. పెద్ద గుంపు అది. వాటన్నిటి నడకా ఒకటే. కారణం కర్తగా ముందుంటుంది, అనుభవించే మనిషి కర్మగా తర్వాత వస్తాడు. "ద నాయిజ్ ఇరిటేట్స్ మీ." ఆ 'మీ'ని ముందుకు తెచ్చి 'ఐ' చేయాలంటే వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పాలి: "ఐ యామ్ ఇరిటేటెడ్ బై ద నాయిజ్." రాముడు రావణుణ్ని చంపాడు, రావణుడు రాముడి చేత చంపబడ్డాడు అని పదో తరగతిలో మా పిల్లలు మార్కుల కోసం తిప్పి రాసేది ఇలాగే. చంపబడిన రావణుడిదీ చిరాకుపడిన తమదీ ఒకే వ్యాకరణమని మాత్రం ఎవరూ కలిపి చూపరు. అది కలిపి చెబితే, ఈ జాతి క్రియలన్నీ ఒక్క పాఠంలో చేతికొస్తాయి.

నీతోపాటు తిరిగే మరికొందరి సంగతీ ఈ లేఖలోనే తేల్చాలి. ఆ అమ్మాయి దరఖాస్తులో మూడో వాక్యం గుర్తుందా? "డోంట్ యాంగ్రీ ఆన్ మీ." అందులో రెండు లోపాలున్నాయి. 'యాంగ్రీ' క్రియ కాదు, దానికి 'బీ' తోడు కావాలి. ఇక 'ఆన్' వచ్చింది మా 'మీద' నుంచి. 'నా మీద కోపం' అన్నది ఇంగ్లిష్‌లో మనిషి విషయంలో 'విత్' లేదా 'ఎట్' అవుతుంది, సంగతి విషయంలో 'ఎబౌట్' అవుతుంది. "డోంట్ బీ యాంగ్రీ విత్ మీ." "ఐ యామ్ యాంగ్రీ ఎబౌట్ ద డిలే." 'నా మీద అరిచాడు' అన్నదీ అంతే, "షౌటెడ్ ఆన్ మీ" కాదు, "షౌటెడ్ ఎట్ మీ." చిరాకు, అసహనం వంటివాటికి మనిషి దగ్గర 'విత్', పరిస్థితి దగ్గర 'బై' పెట్టుకుంటే చాలావరకు తప్పు పడదు: "ఫ్రస్ట్రేటెడ్ విత్ హిమ్", "ఫ్రస్ట్రేటెడ్ బై ద రూల్స్". 'ఫెడ్ అప్' పక్కన 'విత్', 'టైర్డ్', 'సిక్' పక్కన 'ఆఫ్'. ఇవి సూత్రాలుగా బట్టీ పడితే నిలవవు. మనిషి, మాట, విభక్తి మూడూ కలిపి ఒకే ముక్కగా నోటికి అలవాటు కావాలి.

'డోంట్ ఇరిటేట్' అన్నది ఇంకొకటి. తెలుగులో 'ఇరిటేట్ చేయకు' అంటే సరిపోతుంది, ఎవరినో చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఈ క్రియ కర్మ లేకుండా నిలబడదు. "డోంట్ ఇరిటేట్ మీ" అనాలి. 'ఇరిటేట్ అవుతున్నా' అని చెప్పాలంటే 'గెట్' సాయం తీసుకోవాలి: "ఐ యామ్ గెటింగ్ ఇరిటేటెడ్." చూడు, ఇక్కడ నీకూ చోటు దొరికింది. 'చిరాకు వస్తోంది'లో ఉన్న 'వస్తోంది'ని మోసేది 'గెటింగ్'. చిరాకును మోసేది 'ఇరిటేటెడ్'. ఇప్పుడు జరుగుతోందని చెప్పాలనే ఆత్రంలో నిన్ను పట్టుకున్న పిల్లలందరికీ ఈ ఒక్క వాక్యం నేర్పితే నీ దుర్వినియోగం సగం తగ్గుతుంది.

రూపం కుదిరాక మాటల ఎంపిక వస్తుంది. 2019 సంక్రాంతికి వచ్చిన 'ఎఫ్2' సినిమా పేరులోనే ఫన్ పక్కన ఫ్రస్ట్రేషన్ ఉంది. ఆ మాట అప్పటికే ఇంటింటి మాట. 'ఫ్రస్ట్రేషన్ వచ్చింది' అంటే కోపం అన్న పదం ఉండే చోట ఇది వచ్చి కూర్చుంది, తెలుగు వాక్యానికి ఏ ఇబ్బందీ లేదు. అయితే తెలుగులో మేము దాన్ని కోపం, చిరాకు, దిగులు, విసుగు అన్నిటికీ వాడేస్తున్నాం. ఇంగ్లిష్‌లో దానికంటూ ఒక పని ఉంది. లాటిన్‌లో 'వృథాగా' అని అర్థం ఉన్న మాట నుంచి అది పుట్టింది. ప్రయత్నం చేసి, అది సాగకుండా ఏదో అడ్డుపడితే కలిగేదే ఫ్రస్ట్రేషన్. ప్రయత్నమే లేని చోట దానికి పని లేదు. పక్కింటి స్పీకర్ల మోతకు కలిగేది 'ఇరిటేషన్'. స్నేహితుడు చెప్పకుండా సినిమాకు వెళ్లిపోతే 'ఎనాయ్డ్'. నమ్మకం పెట్టుకున్న మనిషి దాన్ని నిలబెట్టుకోకపోతే 'డిజపాయింటెడ్'. ఎంత చెప్పినా ఎదుటివాళ్లు మారక తల ప్రాణం తోకకొస్తే 'ఎగ్జాస్పరేటెడ్'. ఇక చాలు, ఇంతకంటే భరించలేను అంటే 'ఫెడ్ అప్'. ఒళ్లు మండిపోతే 'ఫ్యూరియస్'. ఆ ఆఖరి మాటకు 'వెరీ' అక్కర్లేదు, అది ముందే అంచుకు చేరిన మాట, కావాలంటే 'అబ్సల్యూట్లీ' అనొచ్చు. ఓటీటీ సిరీసుల్లో వినే మొరటు మాటలు స్నేహితుల మధ్య చెల్లుతాయేమో గాని దరఖాస్తులోకి, ఆఫీసు మెయిల్‌లోకి తేకూడదు. అక్కడ మాట మొరటైతే అసలు సంగతి పక్కకుపోయి మాట మీద పంచాయితీ నడుస్తుంది.

పలకడం కూడా నీకు కలిసొస్తోంది. 'ఇంగ్' అన్నది నోట్లో గంట కొట్టినట్టు మోగుతుంది. పాపం 'ఎడ్' చాలా మాటల్లో వినిపించీ వినిపించనట్టు ఉంటుంది. 'ఎనాయ్డ్', 'టైర్డ్'లో ఒక్క 'డ్' శబ్దం. 'స్ట్రెస్‌డ్'లో అయితే చివర పలికేది 'ట్'. 'ట్' గాని 'డ్' గాని చివరున్న క్రియలకు మాత్రమే అదనంగా ఒక అచ్చు వచ్చి 'ఇడ్' అని స్పష్టంగా పలుకుతుంది: ఇరిటేటిడ్, ఫ్రస్ట్రేటిడ్, డిజపాయింటిడ్. అజంత భాష మాట్లాడే మా నాలుకకు చివరి హల్లును వదిలేయడం తేలిక. "ఐ యామ్ ఫ్రస్ట్రేట్" అని ఆపేసేవాళ్లూ ఉన్నారు. సినిమాల్లో, ఇంటర్వ్యూల్లో 'ఎడ్' వినపడక, నువ్వే వినపడి, నిన్నే పట్టుకుంటారు. అందుకే నా తరగతిలో చివరి శబ్దం వినిపించేలా పలికిస్తాను. పలికిన మాటే చేతిరాతలోకీ వస్తుంది.

ఇంతకీ ఈ పట్టుదల ఎందుకని నువ్వు అడగొచ్చు. విదేశీ చదువుకు ఐఈఎల్‌టీఎస్ రాసే మా పిల్లల మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. అందులో వ్యాకరణానిది నాలుగో వంతు. ఆ కొద్ది నిమిషాల్లో నీ వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. అయినా పరీక్ష కంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన తండ్రి, డాక్టరు ముందు తన దిగులు చెప్పుకోబోయి "ఐ యామ్ వెరీ డిప్రెసింగ్" అంటే, ఓపిక ఉన్న డాక్టరైతే మళ్లీ అడుగుతారు. ఓపిక లేని చోట ఆ దిగులు కాగితం మీదికి ఎక్కదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి తన మీద పడుతున్న అదనపు పని గురించి మేనేజరుకు చెబుతూ "ఐ యామ్ ఇరిటేటింగ్ ఇన్ దిస్ టీమ్" అంటే, న్యాయమైన ఆమె మాట నవ్వుల పాలవుతుంది. నవ్వేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడుతున్న మొదటి తరం మనిషి, బాధలో ఉండి, పరాయి భాషలో నోరు తెరవడానికి సాహసించింది. ఆ బాధను వినకుండా ప్రత్యయాన్ని పట్టుకుని నవ్వేవాళ్లకు వ్యాకరణం తెలిసినా భాష తెలియనట్టే.

నా విద్యార్థిని ఉత్తరం చివరికి ఇలా తయారైంది: "ఐ హావ్ విజిటెడ్ యువర్ ఆఫీస్ ఫోర్ టైమ్స్ సిన్స్ జూన్. ఈచ్ టైమ్ ఐ వాజ్ ఆస్క్‌డ్ టు కమ్ బ్యాక్ లేటర్. ఐ యామ్ ఫ్రస్ట్రేటెడ్ బై ద డిలే. ప్లీజ్ టెల్ మీ ఇన్ రైటింగ్ వాట్ ఈజ్ పెండింగ్." ముందు జరిగినది, తర్వాత తన స్థితి, ఆపైన కావలసినది. బతిమాలడం లేదు, తిట్టడం లేదు. 'వెరీ' తీసేయమని నేను చెప్పలేదు, ఆమే తీసేసింది. జరిగింది జరిగినట్టు రాశాక ఆ మాట అవసరం లేదని ఆమెకే అనిపించింది. 'డోంట్ యాంగ్రీ' వాక్యాన్ని దిద్దబోతే, అది ఉండక్కర్లేదని కూడా ఆమే అంది. తన విసుగుకు కారణం తాను కాదని వాక్యంలో తేలిపోయాక, క్షమాపణ అడగాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. సరైన వాక్యం మనిషికి ఇచ్చే బలం అది. దాన్ని మా పిల్లల చేతుల్లోంచి నువ్వు లాక్కుంటున్నావు గనకే ఈ లేఖ.

తోటి ఉపాధ్యాయులకూ ఇక్కడే రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లిష్ బోధించేవాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థ హైదరాబాద్‌లో 1958లోనే పుట్టింది, ఇవాళ ఇఫ్లూగా విశ్వవిద్యాలయమై నిలిచింది. చెప్పే పద్ధతులకు మనకు కరవు లేదు. కావలసింది ఈ పాఠానికి తెలుగును తోడు తెచ్చుకునే ధైర్యం. 'విసిగించే, విసిగిపోయిన' అని బోర్డు మీద రెండు మాటలు రాసి, ఒకదాని కింద ఇంగ్, ఇంకొకదాని కింద ఎడ్ రాయండి. పిల్లల్ని వాళ్ల సొంత విసుగులే చెప్పమనండి. బస్సు రాలేదు, నెట్ ఆగిపోయింది, హాస్టల్లో నీళ్లు లేవు, ఫలితాలు ఆలస్యమయ్యాయి. ప్రతిదానికీ రెండేసి వాక్యాలు చెప్పించండి, కారణం గురించి ఒకటి, తమ గురించి ఒకటి. "ద బస్ సర్వీస్ ఈజ్ ఫ్రస్ట్రేటింగ్. ఐ యామ్ ఫ్రస్ట్రేటెడ్." రెండు వాక్యాలూ పక్కపక్కన వినపడితే తేడా చెవికి దానంతటదే తెలుస్తుంది. మామూలు పాఠాల్లో దొరకని శ్రద్ధ ఆ రోజు తరగతిలో ఉంటుంది. ఎందుకంటే ప్రతి పిల్లవాడి దగ్గరా చెప్పుకోవలసిన విసుగు ఒకటి ఉంటుంది.

ఇక నీకు చెప్పేది. నిన్ను మా నోళ్లలోంచి తరిమేయాలని నా కోరిక కాదు. ఆలస్యాన్ని, అడ్డంకిని, అర్థం లేని నిబంధనను, మాట నిలబెట్టుకోని మనిషిని చూపించి 'ఇది విసిగిస్తోంది' అని చెప్పాలంటే మాకు నువ్వే కావాలి. అక్కడికి రా, గట్టిగా నిలబడు. మాది కాని తప్పును మాత్రం మాకు అంటగట్టకు. విసిగిపోయి నోరు తెరిచిన మనిషి 'ఐ యామ్' అన్నాక పక్కకు తప్పుకో. అక్కడ మాట్లాడాల్సింది 'ఎడ్'. నువ్వు తప్పుకునేదాకా ఒక్కొక్క తరగతిలో, ఒక్కొక్క దరఖాస్తులో, ఒక్కొక్క వాక్యంలో నిన్ను చెరిపి 'ఎడ్' రాస్తూనే ఉంటాను, నా విద్యార్థుల చేతా రాయిస్తాను.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ అధ్యాపకురాలు